పేరు పిలిస్తేనే కదిలే మనిషి

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా అమ్మ ఒప్పుకుంటుంది, మా ఆయన విక్రమ్ రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటాడు. ఆ కోపంతోనే ఒకసారి యాభై మంది ముందు ఒక పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన పేరు ఆదిశేషు. ఇప్పుడు ఆయన గురించి ఎవరు అడిగినా పని పక్కన పెట్టి మరీ చెబుతాను, ఎందుకంటే అంత గర్వంగా చెప్పుకోదగిన మనుషులు నాకు ఎక్కువ మంది తెలియదు.

మాది హనుమకొండ. నేను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక కంపెనీలో పని చేస్తాను. చుట్టూ అల్యూమినియం ఫ్యాక్టరీలు, బిస్కెట్ గోడౌన్లు, కార్మికుల క్యాంపులు. మధ్యలో మా హాలు. అక్కడ అంతరిక్ష ప్రయాణాలకు రిహార్సల్స్ జరుగుతాయి. నిజంగా ఎవరూ పైకి వెళ్ళరు. కానీ పైకి వెళ్ళినప్పుడు ఏమేం పాడవుతాయో, ఎవరు ఎవరితో ఏం మాట్లాడాలో అన్నీ నేల మీదే చేసి చూస్తాం.

2024లో మాకొచ్చిన పని పెద్దది. కక్ష్యలో ఒకేసారి రెండు నౌకలు, ఒక్కోదాంట్లో ముగ్గురు మనుషులు. ఒకదాని పేరు సకర్, రెండోదాని పేరు రిమాల్. ఒక నౌకను చూసుకోవడం మాకు అలవాటే. రెండయ్యేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక నౌకలో వాళ్ళు నిద్రపోయే వేళకు రెండో నౌకలో వాళ్ళు లేస్తారు. నేల మీది యాంటెనాకు ఒక్కో చుట్టులో నౌకలు అందేది తొమ్మిది నిమిషాలే, ఆ తొమ్మిది నిమిషాల్లో ఇద్దరితోనూ మాట్లాడాలి. ఒకరికి గాలి శుభ్రం చేసే యంత్రం ఆగిపోతుంది, అదే క్షణంలో ఇంకొకరు బ్యాటరీ గురించి అడుగుతారు. రెండు నౌకలూ దగ్గరికి వచ్చినప్పుడు అందరూ ఒకే లైన్‌లో మాట్లాడాలని నియమం, అప్పుడే ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. ఆ లైన్‌లో నేల నుంచి మాట్లాడే గొంతు ఒక్కటే. ఆ గొంతు నాది.

హాల్లో ఏర్పాటు ఇలా ఉంటుంది. మనుషులు గోడవారగా ఉన్న రెండు చిన్న గదుల్లో కూర్చుంటారు. నౌకల డొల్లలు మాత్రం అసలు సైజులో, పైన పట్టాల మీద నడిచే రెండు క్రేన్లకు వేలాడుతుంటాయి. డొల్లల ముక్కుకు కెమెరాలు. గదిలో కూర్చున్నవాళ్ళు ఆ కెమెరాల్లోంచి చూస్తూ నడుపుతారు. నేను పై గది నుంచి ఆర్డరు ఇస్తే నౌకలోవాళ్ళు పచ్చలైటు వేస్తారు. ఆ లైటు చూసి కింద రిగ్గర్ చెయ్యి ఊపుతాడు, చెయ్యి చూసి క్రేను కదులుతుంది. కుడిచెయ్యి సకర్‌కు, ఎడమచెయ్యి రిమాల్‌కు. ఆ రెండు చేతులూ ఆదిశేషువి. లైన్‌లో మా మాటలు ఆయనకు వినబడతాయి, మాట్లాడ్డానికి మాత్రం లేదు.

ఆయనది ముమ్మిడివరం దగ్గర ఒక లంక ఊరు. 2001లో షార్జాలో హెల్పరుగా దిగి, రిగ్గర్ కార్డు సంపాదించి, ఇరవై మూడేళ్ళు క్రేన్ల కింద నిలబడ్డాడు. రిగ్గర్ అంటే బరువుకు తాళ్ళు కట్టి, పైనున్న ఆపరేటరుకు చేతులతో, రేడియోలో దారి చూపేవాడు. ఆపరేటరుకు కింద ఏముందో కనబడదు, రిగ్గర్ ఎలా చెబితే అలా. ఆ ఇరవై మూడేళ్ళలో ఆయన ఎత్తించిన బరువు ఒక్కటి కూడా జారలేదు, ఒక్క మనిషికీ తగల్లేదు. కంపెనీ వ్యాన్‌లో వెళ్తున్నప్పుడు కిటికీలోంచి వేలు చూపించి, "ఆ బిల్డింగు సూడండి, నలభయ్యో అంతస్తు అద్దాలు మనం ఎక్కించినయ్యేనండి" అనేవాడు. మేం ఫోన్లు చూసుకుంటూ ఊ కొట్టేవాళ్ళం. 2020లో సైట్లన్నీ మూతపడ్డాక ఆయనా, ఆయనతో పదకొండేళ్ళుగా జంటగా పనిచేస్తున్న పెషావర్ ఆపరేటరు షాహబాజ్ కలిసి మా హాలుకు వచ్చారు. ఇక్కడ రెండు క్రేన్లనూ నేల మీదే నిలబడి రిమోట్‌తో షాహబాజే నడుపుతాడు.

ఆయనకో పద్ధతి ఉంది. ఏ బరువైనా ముందు నేల నుంచి జానెడు లేపిస్తాడు. అక్కడ ఆపి చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. తాడు, కొక్కెం, నేల అన్నీ చూశాకే పైకి. నాకు ఆ జానెడు దగ్గరే చిర్రెత్తుకొచ్చేది. పైన గడియారం పరుగెడుతుంటే ఈయన ప్రదక్షిణాలేంటని షాహబాజ్‌తో అంటే, "మేడమ్, ఇస్ ఆద్మీ కే నీచే మై ఆంఖ్ బంద్ కర్కే సో సక్తా హూఁ" అని నవ్వాడు. ఈయన ఎత్తించిన బరువు కింద కళ్ళు మూసుకుని పడుకోగలడట. ఆ మాట విన్నాను గానీ బుర్రకెక్కించుకోలేదు.

మాకు మూడు రిహార్సల్స్. మొదటిది ఏదో అయిందనిపించాం. రెండోదాంట్లో రిమాల్‌లో గాలి పాడైనట్టు పరీక్ష పెట్టారు. అందులోని ముగ్గురూ సకర్‌లోకి మారాలి. రెండు నౌకల మధ్య దూరం నాలుగు మీటర్లకు తగ్గింది. సకర్ నిలబడి ఉండాలి, రిమాల్ రెండు మీటర్లు ముందుకు రావాలి. రిమాల్ కమాండర్ రావచ్చా అని అడిగాడు, అదే ఊపిరిలో సకర్ నుంచి బ్యాటరీ ప్రశ్న. నేను తెర మీది అంకెలు చూస్తూ, "సరే, రెండు మీటర్లు ముందుకు రండి" అన్నాను. అక్కడ అందరం ఇంగ్లీషులోనే మాట్లాడతాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రెండు పచ్చలైట్లు వెలిగాయి. ఆదిశేషు రెండు చేతులూ లేచాయి. రెండు క్రేన్లూ కదిలాయి. ఆయన విజిల్ వెయ్యడం, క్రేన్లు ఆగడం జరిగాయి గానీ, క్రేను ఆగినంత మాత్రాన వేలాడే బరువు ఆగదు. ఊగి ఊగి ఒకదానికొకటి కొట్టుకున్నాయి. వెండిరంగు పలక ఒకటి అడ్డంగా పగిలింది. మా తెర ఎర్రబడి, ఆరుగురు పోయినట్టు చూపించింది. ఉత్తుత్తి చావులే అయినా కుర్చీలోంచి లేచిపోయాను.

మెట్లన్నీ దిగి పరుగెత్తాను. "రెండు లైట్లు ఒక్కపారే వెలిగితే నీకు కండ్లు కనవడలేదా? ఇన్నేండ్ల సర్వీసు ఏం సర్వీసు?" అన్నాను. మా నాన్న వయసున్న మనిషి. హాలంతా చూస్తోంది. ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "తప్పయిపోయిందండి" అన్నాడు. అంతే. ఆయనే ఒప్పుకున్నాక ఇంకేముంది అనుకుని పైకి వచ్చేశాను.

మర్నాటికి హాలు ముదీర్, అంటే మేనేజరు, రిపోర్టు తయారుచేశాడు. కారణం: రిగ్గర్ తప్పిదం. ఆదిశేషు మెడలో వేలాడే ప్లాస్టిక్ కవరులోంచి రిగ్గర్ కార్డు తీసేసుకున్నాడు. మూడో రిహార్సల్‌కు వేరే రిగ్గర్ వస్తాడు, ఆ తర్వాత ఆదిశేషు వీసా ఖలాస్. ఇరవై మూడేళ్ళు మచ్చలేకుండా నిలబడిన మనిషి, చివర్లో ఆ ఒక్క ముక్క నెత్తిన పెట్టుకుని వెళ్ళాలి. ఆ కాగితం కింద సాక్షిగా సంతకం పెట్టింది కూడా నేనే.

ఆ ఆదివారం షార్జా అల్ నహ్దా పార్కులో కార్తీక వనభోజనాలు. తెలుగువాళ్ళం రెండు వందల మంది దాకా చేరాం. విక్రమ్ విస్తరి పట్టుకుని పనసపొట్టు కూర దగ్గర క్యూలో ఉన్నాడు. నేను చాపలు పరుస్తూ తలెత్తితే ఎదురుగా ఆదిశేషు, పక్కన ఆయన భార్య నాగదుర్గ. ఆవిడ అబూధాబీ పక్కన బనియాస్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేస్తుంది. నెలకు రెండు ఆదివారాలే ఇద్దరూ కలుసుకునేది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనే దగ్గరికొచ్చి, "బాగున్నారామ్మా. మా ఇంట్లోవాళ్ళండి" అని పరిచయం చేసి, నీళ్ళ క్యాన్లు మొయ్యడానికి వెళ్ళిపోయాడు.

నాగదుర్గ నా పక్కనే కూర్చుంది. "ఈయన వారం నుంచి సరిగా తింటాలేదని రూములోవాళ్ళు ఫోన్ సేసి సెప్పారండి. ఏమైందంటే సెప్పరు. పనిలో ఏదన్నా అయ్యిందాండి?" అంది. నేను చాప మడతలు సరిచేస్తూ కూర్చున్నాను. ఈలోగా అక్కడ పులిహోర గంగాళం దించాలన్నారు. ఆవిడ చెయ్యి నోటి పక్కన పెట్టుకుని, "ఏవండీ, ఒకసారి ఇటు రండి" అని కేకేసింది.

ఐదుగురు మగాళ్ళు వెనక్కి తిరిగారు. అందులో ఇద్దరు నిజంగానే మా వైపు నడవడం మొదలుపెట్టారు. విస్తరి పట్టుకుని వస్తున్న ఆ ఇద్దరిలో ఒకడు విక్రమ్. నేను పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి ఏవండీ అనలేదు, అయినా వస్తున్నాడు. చాపల మీదున్న ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. "పిలిచింది మిమ్మల్ని కాదండి, మా ఆయన్నండి" అని నాగదుర్గ కొంగుతో మొహం కప్పుకుంది.

"పేరు పెట్టి పిల్వచ్చు గద అక్కా" అన్నాను.

"అమ్మో, పెనిమిటి పేరు నోటితో ఎలా అంటామండీ. ఆయుక్షీణం అంటారు కదండీ. పెళ్ళయ్యి ఇరవయ్యేడేళ్ళయ్యింది, ఒక్కసారీ అన్లేదు."

అందరితో పాటు నేనూ నవ్వుతున్నదాన్ని మధ్యలో ఆగిపోయాను. రెండు మీటర్లు ముందుకు రండి. ఎవరు? నేను పేరు చెప్పలేదు. నా మనసులో ఉన్నది రిమాల్. నా మనసులో ఉన్నది సకర్‌లోవాళ్ళకు ఎలా తెలుస్తుంది? పిలిస్తే ఇద్దరూ వచ్చారు.

గంగాళం దించి ఆదిశేషు చేతులు తుడుచుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. "బాబాయ్, ఆ దినం నేను పేరు చెప్పకుండనే ఆర్డరిచ్చిన గదా. నీకు తెల్సా?"

"ఆయ్, తెలుసండి."

"తెల్సి గూడ చెప్పకపోతివి?"

"సైట్లో పేరు లేని మాట మాటే కాదండి. రెండు క్రేన్లు పక్కపక్కన తిరుగుతున్నప్పుడు ముందు క్రేను పేరు, తర్వాత పని. పేరు రాకపోతే సేతులు కట్టుకుని నిలబడిపోతాం. కానీ ఆవేళ పైనున్నది సదూకున్నోళ్ళు కదా, మనకి తెలీని లెక్కేదో ఉంటదిలే అని సేతులు ఎత్తేశానండి. మొదలెట్టింది మీరే గానీ, ఆపాల్సింది నేను. అందుకే తప్పయిపోయిందన్నాను."

ఆయన మీద కాదు, నా మీద నాకు మండింది. ఇంజినీరింగ్ చదివి, మూడేళ్ళు ట్రైనింగ్ తీసుకుని, నాకు తెలియని సంగతి ఈయనకు తెలుసు. తెలిసీ నా చదువుకు మర్యాద ఇచ్చి నోరు మూసుకున్నాడు. దానికి నేనిచ్చిన బహుమానం యాభై మంది ముందు తిట్లు.

సోమవారం రికార్డింగ్ విన్నాను. నా గొంతే. సరే, రెండు మీటర్లు ముందుకు రండి. పేరు లేదు. హెడ్‌సెట్ తీసి మా ఫ్లైట్ డైరెక్టర్ ఫైజా గదిలోకి వెళ్ళాను. ఆమె అబూధాబీ మనిషి, మాటలు తక్కువ. టేపు వినిపించి, తప్పు నాదని, నా కుర్చీ తీసేసుకున్నా సరే రిపోర్టు మార్చమని అడిగాను. ముదీర్ కూడా వచ్చాడు. రిపోర్టు ఇప్పటికే పైకి వెళ్ళిందనీ, ఒక్క రిగ్గర్ కోసం మళ్ళీ తిరగతోడితే కంపెనీ పరువేం కావాలనీ అన్నాడు. నాకు కోపం నషాళానికంటింది. నోరు తెరిచేలోపు ఫైజా చెయ్యెత్తింది.

"మూడో రిహార్సల్ ఆ రిగ్గర్ పద్ధతిలోనే చేద్దాం. ఆయనే నిలబడతాడు. నెగ్గితే రిపోర్టు మారుతుంది. మళ్ళీ తగిలితే ఆ ముక్క అలాగే ఉంటుంది, నీ కుర్చీ కూడా పోతుంది" అంది. ఆదిశేషు పేరుతో పాటు నా ఉద్యోగం కూడా అదే క్రేనుకు వేలాడింది.

తర్వాతి నాలుగు రోజులు మా హాల్లో జరిగింది చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. ఆదిశేషు రెండు ట్రాలీలు తెప్పించాడు. ఒకదాని మీద సకర్ అని, రెండోదాని మీద రిమాల్ అని చాక్‌పీసుతో రాయించాడు. ఆరుగురు నౌకావాసులు, అందులో ఒక డాక్టరు, ఇద్దరు పైలట్లు, ఆ ట్రాలీలు తోసుకుంటూ తిరిగారు. పేరు చెప్పకుండా నేను ఏ మాటన్నా కదలకూడదు. పేరు వినబడితే, విన్నవాళ్ళు తమ పేరు తిరిగి చెప్పి, పని తిరిగి చెప్పి, అప్పుడే కదలాలి. రెండోవాళ్ళు తమ పేరు చెప్పి, నిలబడి ఉన్నాం అనాలి. పేరు అక్కర్లేని మాట ఒక్కటే ఉంది, ఆపు. అది ఎవరైనా అనొచ్చు, అందుకని ఆదిశేషుకు కూడా మా లైన్‌లో మాట్లాడే హెడ్‌సెట్ ఇచ్చారు. "టీ ఇచ్చే ఆయనన్నా సరేనండి. ఆపు అని వినబడితే అందరూ ఆగిపోవాలి. ఎందుకు ఆపావని తర్వాత అడుగుదురుగాని" అన్నాడు. మొదట్లో పైలట్లు మొహాలు చూసుకున్నారు. రెండో రోజుకు వాళ్ళే ఒకరి తప్పులు ఒకరు పట్టుకోవడం మొదలుపెట్టారు.

మూడో రిహార్సల్‌కు కుటుంబాలను కూడా పిలిచారు. నాగదుర్గ పనిచేసే ఇంటావిడ ఒకరోజు సెలవిచ్చింది. పై గదిలో అద్దం పక్కన, నా వెనకాలే కుర్చీ వేశారు. కింద షాహబాజ్ జానెడు ఎత్తాడు. ఆదిశేషు నింపాదిగా చుట్టూ తిరిగి వచ్చాడు. ఈసారి నాకు చిరాకు వెయ్యలేదు.

రెండు గంటలు బాగానే నడిచింది. ఈసారి రిమాల్‌లో పొగ వచ్చినట్టు పెట్టారు. దగ్గరికి తెచ్చాం. పది మీటర్లు, ఆరు, నాలుగు. సరిగ్గా అక్కడే సకర్‌లో అలారం మోగింది, రిమాల్ కమాండర్ గొంతు పెంచాడు. నా చెవుల్లో ఇద్దరూ ఒకేసారి. నాలుగు రోజులు ట్రాలీలతో నేర్చుకున్నదంతా ఏమైపోయిందో గానీ నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "రెండు మీటర్లు ముందుకు రండి."

ఏ లైటూ వెలగలేదు. ఏ క్రేనూ కదల్లేదు. అద్దంలోంచి చూస్తే కింద ఆదిశేషు రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని నిలబడి ఉన్నాడు. లైన్‌లో ఆయన గొంతు మెల్లగా వినబడింది. "పేరు, మేడమ్."

ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచాను. "రిమాల్, రెండు మీటర్లు ముందుకు రండి."

"రిమాల్. రెండు మీటర్లు ముందుకు వస్తున్నాం."

"సకర్. నిలబడి ఉన్నాం."

ఒక్క పచ్చలైటు. ఒక్క చెయ్యి. రిమాల్ ఎంత నిదానంగా వచ్చిందంటే డొల్లలు ఊగను కూడా లేదు. ఇంకో ఆర్డరు, ఇంకో మీటరు, ఇంకో జానెడు. ముక్కులు రెండూ తగిలి ఒకదానికొకటి లాక్ అయ్యాయి. తెర మీద ఆరుగురు క్షేమం అని వచ్చింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఆ మనిషి రెండో రిహార్సల్‌లో చెయ్యలేకపోయిన పని ఇవాళ చేశాడు. చదువుకున్నవాళ్ళందరూ వింటుండగా, నువ్వు చెప్పింది చాలదు అన్నాడు.

ఫైజా మైకు తీసుకుంది. పాత రిపోర్టు రద్దయిందని, కొత్తదాంట్లో కారణం పేరు లేకుండా ఇచ్చిన ఆర్డరు అని చదివింది. ఇక నుంచి రెండు నౌకల పని ఎప్పుడు చేసినా ఈ హాల్లో ఇదే పద్ధతి అని చెప్పింది. ముదీర్ చేతిలో రిగ్గర్ కార్డు ఉంది. "రిగ్గర్ గారు ముందుకు రావాలి" అంది ఫైజా.

ఆదిశేషు కదల్లేదు. క్రేను కింద అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "జాయియే భాయ్" అని షాహబాజ్ వీపు మీద తట్టాడు. అయినా కదల్లేదు. మొహంలో నవ్వు మాత్రం దాగట్లేదు. నాకు అర్థమైంది. హాల్లో ఆవేళ చూడ్డానికి వచ్చినవాళ్ళతో కలిపి రిగ్గర్లు ముగ్గురున్నారు, పేరు ఎవరూ పిలవలేదు.

నా హెడ్‌సెట్ తీసి నాగదుర్గకు తగిలించాను. "అక్కా, నువ్వు పిలువు."

"నేనాండీ? ఆయన పేరా?" అని గోడకు ఒదిగిపోయింది. "అందరూ వింటారండి."

"వినాలె గద. ఇన్నేండ్లల్ల ఒక్కపారి. ఆయనకేం గాదు, నాది పూచీ."

ఆవిడ అద్దం దగ్గరికి వచ్చింది. కింద ఆయన పైకి చూస్తున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత హాల్లో ఉన్న ప్రతి స్పీకరులోంచీ వినబడింది.

"ఆదిశేషు గారూ, ముందుకు రండి."

ఆయన చేతులు విప్పాడు. హెడ్‌సెట్ సరిచేసుకున్నాడు.

"ఆదిశేషు. ముందుకొస్తున్నానండి."

వచ్చాడు. హాల్లో ఇంకెవరూ కదల్లేదు.